త్రోవలో తోడు

ఏటేట ఈ సంచిక వెలువడునప్పుడు విద్యాభివృద్ధిని గూర్చియు, క్రమశిక్షణను గూర్చియు, పరీక్షాఫలితములను గూర్చియు నాలుగు మాటలు వ్రాయుట మాకు వాడుక. అవి వ్రాయదగినవే. అయినను ఈ యేడు మేము జీతము లేనిదియు, పట్టము లేనిదియు, సభలో ప్రత్యేకమైన కుర్చీ లేనిదియునగు ఒక పనిని గూర్చి వ్రాయ దలచితిమి. అది ఆత్మీయ సహచరుని పని. తోడి విశ్వాసి దేవునితో నడచుచుండగా అతని ప్రక్కను నడచుచు, అతని మాట వినుచు, అతనికొరకు ప్రార్థించుచు, అతడు త్రోవ తప్పుచున్నట్లు తోచినపుడు మెల్లగా ఆ సంగతి తెలుపువానికే మేమిచ్చట ఆ పేరు పెట్టుచున్నాము. ఇట్టివారు మన సంఘములలో మిక్కిలి అరుదైరనియు, వారి కొరతవలన మన బిడ్డలు నష్టపడుచున్నారనియు మా అభిప్రాయము.

ఉదయగిరి దుర్గము ఎక్కినవారికి ఈ పని ఎట్టిదో సులభముగా బోధపడును. ఆ కొండ సముద్రమట్టమునకు సుమారు 3,000 అడుగుల యెత్తు గలది. 1514వ సంవత్సరమున దానిని గజపతుల చేతినుండి గైకొనుటకు శ్రీకృష్ణదేవరాయలంతటివానికిని నెలల తరబడి ముట్టడి వేయవలసి వచ్చెను. నేడు దానిని ఎక్కగోరు బాలుడు ఆ కొండ నెరిగిన మేకల కాపరి నొకని వెంటబెట్టుకొని పోవుట మంచిది. ఆ కాపరి బాలుని మోయడు. తాను ముందు పరుగెత్తి పైనుండి కేకలు వేయడు. ఏ బండ జారునో, ఏ నీడను కూర్చుండవచ్చునో అతడెరుగును. ఏలయనగా ఆ దారిని తాను అనేక పర్యాయములు నడచినవాడు, అనేక పర్యాయములు జారినవాడు. బాలునికి ఊపిరి అందకున్న యెడల తానును నిలుచును. శిఖరము చేరిన పిమ్మట బాలుడు చూడవలసినది విశాలమైన ఆకాశమునే గాని కాపరి ముఖమును కాదు. ఆత్మీయ సహచరుడును ఇట్టివాడే.

సంఘకాపరి వాక్యము బోధించును, బాప్తిస్మమిచ్చును, ప్రభురాత్రి భోజనమును నడపును. ఉపాధ్యాయుడు పాఠము చెప్పి తప్పు దిద్దును. వైద్యుడు రోగమును కనిపెట్టి మందిచ్చును. సంఘపు పెద్దలు తగవులు తీర్చుదురు. వీరందరి పనియు అవసరమే. సహచరుని పని మాత్రము వీటిలో ఏదియు కాదు. ఈ దినములలో దేవుడు నీతో ఎట్లున్నాడు, నీవు దేవునితో ఎట్లున్నావు అనునదే అతడు అడుగు ప్రశ్న. ఆ ప్రశ్న వేసి అతడు ఓపికతో కనిపెట్టుకొని యుండును. ఎదుటివాడు మౌనముగా నుండిన యెడల ఆ మౌనమునకు తొందరపడి అడ్డము రాడు. ఉదయగిరిలో కొయ్య గరిటెలు చెక్కు పనివారిని మీరు చూచియుందురు. వారు ఉలి పట్టుటకు ముందు కొయ్యను త్రిప్పి త్రిప్పి చూచి, దాని పోగు ఏ వైపునకు పోవుచున్నదో కనుగొందురు. పోగునకు ఎదురుగా చెక్కిన యెడల కొయ్య చీలును. మనుష్యుని ఆత్మయు అంతకంటె సుకుమారమైనదే గాని మొరటైనది కాదు.

ఇది మేము క్రొత్తగా కల్పించిన పని కాదు. మన ప్రభువే దీనికి మాదిరి. పునరుత్థాన దినమున ఎమ్మాయు గ్రామమునకు పోవుచుండిన ఇద్దరు శిష్యులను ఆయన కలిసికొన్న విధమును లూకా సువార్త కడపటి అధ్యాయమున చదువుడు. వారు యెరూషలేమును విడిచి దూరముగా పోవుచున్నారు. అనగా వారి ముఖము తప్పు దిక్కునకే యున్నది. అయినను ప్రభువు వారిని నిలువరింపలేదు, వారితోకూడ నడచెను. మొదట వారు దేనిని గూర్చి మాటలాడుకొనుచున్నారో అడిగెను. వారి దుఃఖమంతయు చెప్పుకొనువరకు వినెను. ఆ పిమ్మటనే లేఖనములను విప్పి చెప్పెను. ఇంటివారు బలవంతము చేయగా లోపలికి వచ్చెను. వారు ఆయనను గుర్తుపట్టిన క్షణముననే అదృశ్యుడాయెను. అంతట వారు తమంతట తామే లేచి, ఆ రాత్రియే యెరూషలేమునకు మరలిపోయిరి. నడచుట, అడుగుట, వినుట, విప్పి చెప్పుట, పిలిచినచోట నిలుచుట, సమయమున తప్పుకొనుట: సహచరుని పని యంతయు ఈ వరుసలోనే యున్నది. మనలో ననేకులము మొదటి మూడును విడిచి నాలుగవదానితో ఆరంభింతుము. అందుచేతనే మన మాటలు చెవికి సోకునుగాని హృదయమును మండింపవు.

అపొస్తలుల కార్యములలో మరి ఇద్దరిని చూడుడు. సౌలు దమస్కులో చూపులేక కూర్చుండినపుడు అననీయ భయపడుచునే అతని యొద్దకు పోయి, నిన్నటివరకు శత్రువైన వానిని సహోదరుడని పిలిచెను. ఆ తరువాత యెరూషలేములోని శిష్యులు సౌలును నమ్మక దూరముగా నుండగా బర్నబా అతని చేయి పట్టుకొని అపొస్తలుల యొద్దకు తోడుకొని వచ్చెను. పిమ్మట తార్సునకు పోయి అతనిని వెదకి అంతియొకయకు పిలుచుకొని వచ్చెను. మార్కు త్రోవలో వెనుదిరిగి పోయి పౌలు నమ్మకమును పోగొట్టుకొన్నప్పుడు బర్నబాయే అతనిని మరల వెంటబెట్టుకొని పోయెను. బర్నబా వ్రాసినదని నిశ్చయముగా చెప్పదగిన పత్రిక యొకటియు మన క్రొత్త నిబంధనయందు లేదు. అయినను అతడు చేయి పట్టని యెడల మనము చదువు పత్రికలలో ఎన్ని లేకపోయెడివో ఆలోచింపుడు.

యోబు స్నేహితులు మరియొక విధమున మనకు పాఠము చెప్పుదురు. వారు అతనితోకూడ ఏడు దినములు నేలపై కూర్చుండి ఒక మాటయైనను పలుకలేదు. అంతవరకు వారు మంచి సహచరులే. నోరు తెరచి కారణములు చెప్ప మొదలిడినప్పుడే వారు చెడిరి. బాధలో నున్నవానికి బాధకు కారణము చెప్పుట కంటె సులభమైన పనియు, క్రూరమైన పనియు మరియొకటి లేదు.

మన ప్రాంతపు సంఘచరిత్రయును ఈ తోడునడకమీదనే కట్టబడినది. అమెరికను బాప్టిస్టు మిషను నెల్లూరున 1840లో ఆరంభమాయెను. చాలకాలము ఫలము స్వల్పము. 1853లో ఈ మిషనును మూసివేయుదమా అని అమెరికాలోని పెద్దలు తర్కించిరి. ఆ నిరుత్సాహపు దినములలో, 1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలు ప్రక్కనున్న కొండ ఎక్కి ప్రార్థించిరి. వారిలో ఇద్దరు లైమన్ జూవెట్ దొరగారును దొరసానిగారును. తక్కిన మువ్వురు మనవారు: నరసు, జూలియా, రూతు. ఆ కొండకు నేటికిని ప్రార్థన కొండయనియే పేరు. ఒంగోలునకు ఒక మిషనెరీని పంపుమని వారు వేడుకొనిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలున కాపురము పెట్టువరకు పండ్రెండేండ్లు గడచెను. దొరగారి పేరు చరిత్రలో పెద్ద అక్షరములతో నున్నది. తక్కినవారి పేర్లు చిన్న అక్షరములతో నున్నవి. కాని నిరుత్సాహమున నున్న ఒక బోధకునికి ఆ యుదయమున కావలసినది ప్రసంగము కాదు. తనతో కొండ ఎక్కి, తన ప్రక్కను మోకాళ్లూని, తన భారమును తమ భారముగా ఎంచుకొనువారే. బోధకునికిని సహచరులు కావలెనని మిషను సిబ్బందియందలి మా మిత్రులు ఇచ్చట గమనింతురుగాక.

ఆ దినములలోనే యెర్రగుంట్ల పేరయ్య అను మాదిగ సోదరుడు తోళ్ల బేరము మీద ఉత్తరపు జిల్లాలకు పోయి సువార్త విని, స్వగ్రామమునకు వచ్చి తాను విన్నదానిని తనవారితో చెప్పెను. అతడు బాప్తిస్మము పొందినది 1866లో. దానికి ముందే అతని మాట విని నమ్మినవారు కలరు. అతనికి పదవి లేదు, పాఠశాల చదువు లేదు. ఇరుగుపొరుగువారితో నడచి పనిచేయు మనిషి గనుక అతని మాట వారికి పరాయి మాటగా తోచలేదు. 1876 మొదలు 1878 వరకు మహాక్షామము వచ్చినపుడు క్లౌ దొరగారు బకింగుహాము కాలువలో ఒక భాగము త్రవ్వించుటకు గుత్త తీసికొని ఆకలిగొన్నవారికి పని చూపిరి. ఉపదేశకులు ఆ పనిమీద మేస్త్రీలుగా నుండి, కూలీలు అలసి కూర్చున్న వేళల వారి ప్రక్కను కూర్చుండి మాటలాడిరి. 1878 జూలై 3వ తేదీన గుండ్లకమ్మ యేటియందు ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను మనము గర్వముతో చెప్పుకొందుము. నీటిలో మునుగుట ఒక్క నిమిషపు పని. నీటినుండి వెలికి వచ్చినవానితో తరువాత నలువది యేండ్లు నడచుట ఎవరి పని? సంఖ్య పెద్దదైనకొలది ఈ ప్రశ్నయు పెద్దదగును. దీనికి తగిన జవాబు చెప్పుకొనని చోటులలో పేరునకు క్రైస్తవులుగా మిగిలినవారు అనేకులు.

ఆ శతాబ్దము ముగియకమునుపే ఉదయగిరియు ఆత్మకూరును మిషను కేంద్రములాయెను. ఇది జిల్లాలో మెట్ట సీమ. పడమట వెలిగొండలు, నడుమ రాళ్లును కంపచెట్లును, ఆత్మకూరు వైపున పెన్న. వాన వచ్చిన యేడు పంట, రాని యేడు వలస. ఇట్టి సీమలో పల్లెకొక కాపరి నుంచుట ఎన్నడును సాధ్యపడలేదు. అట్టియెడ బైబిలు స్త్రీలు ఇల్లిల్లు తిరిగి, గడపలయొద్ద కూర్చుండి, చేట చెరుగుచున్న యిల్లాలితో తామును చేట పట్టుకొని మాటలాడిరి. వారి పని నివేదికలలో ఇన్ని యిండ్లు దర్శించిరి అను ఒక అంకెగా మాత్రమే వ్రాయబడెను. ఆ గడపలయొద్ద వినబడిన మాటలు ఏ నివేదికయందును లేవు. లేకుండుటయే తగినది.

1910లో స్కాట్లండు దేశపు ఎడింబరో నగరమున ప్రపంచ మిషనెరీ మహాసభ జరిగెను. అప్పటికి తెలుగుదేశపు దోర్నకల్లున పని చేయుచుండిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ఆ సభలో మాటలాడి, పాశ్చాత్య మిషనెరీల త్యాగమును కొనియాడి, అంతతో నిలువక, మాకు స్నేహితులు కావలెనని కోరిరి. 1912లో వారు దోర్నకల్లు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున ఆ పదవి నొందిన మొదటి భారతీయుడు వారే. ధనము నిచ్చువారును, ప్రాణము నిచ్చువారును ఉండియు స్నేహము నిచ్చువారు కొరవడవచ్చునని ఆయన కనుగొనిరి. ఆ మాట నాడు దొరలకు తగిలెను. నేడు మిషను పాఠశాలలలో దొరలు లేరు; ఆ కుర్చీలలో మేము కూర్చున్నాము. కావున ఆ మాట నేడు మాకే తగులవలెను.

తగిలిన సంగతి యొకటి ఒప్పుకొందుము. కొన్ని యేండ్ల క్రిందట మెట్ట పల్లె నుండి వచ్చిన బాలుడొకడు, తండ్రి దూరనగరమునకు కూలికి పోయి జాబైనను మాటయైనను లేకుండుటచేత మనసు చెడి, తనకు ప్రార్థన చేయుట సాధ్యము కాకున్నదని మాలో నొకరితో చెప్పుకొనెను. మేము జాలిపడితిమి. ఆ సాయంత్రపు ప్రార్థనకూటమున ఆ సంగతిని ప్రార్థనాంశముగా విన్నవించితిమి. పేరు చెప్పలేదు, కాని గుర్తులన్నియు చెప్పితిమి. మరునాడు ఆటస్థలమున ప్రార్థన రానివాడని తోటిబాలురు వానిని పిలిచిరి. మేము అబద్ధమాడలేదు, కీడు తలంపలేదు. అయినను ఒక బిడ్డ మా చేతిలో పెట్టిన నిక్షేపమును వీధిలో పోసితిమి. వాడు మరెన్నడును మాతో మనసు విప్పి మాటలాడలేదు.

వసతిగృహపు వంటశాలలో అప్పుడొక వృద్ధురాలు పని చేయుచుండెను. ఆమెకు చదువు రాదు. బియ్యములోని రాళ్లు ఏరుచు, ప్రక్కన కూర్చున్న ఆ బాలునికిని ఒక చేట యిచ్చెడిది. ఏమి నాయనా, ఎట్లున్నావని అడిగెడిది; వాడు చెప్పిన వినెడిది, చెప్పకున్న ఊరకుండెడిది. ప్రార్థన చేయలేనని వాడు చెప్పినపుడు, అట్లయిన నీకు చేయవచ్చునంతవరకు నీ వంతు నేను చేయుచుందును లెమ్మని చెప్పెనట. ఆమె మాతో ఆ సంగతి ఎన్నడును చెప్పలేదు. ఆ బాలుడు పెద్దవాడై, ఉద్యోగస్థుడై, ఒకనాడు పాఠశాలకు వచ్చి, మాకు నమస్కరించి, మొట్టమొదట అడిగిన మాట అవ్వ యెక్కడ అని. అవ్వ అప్పటికి ప్రభువునందు నిద్రించెను. వాడు వంటశాల గడపమీద కొంతసేపు కూర్చుండి పోయెను. ఆ కథను వాని నోట వినినప్పుడే మాకు తెలిసినది. ఇచ్చట వ్రాయుటకు వాని యనుమతి గొంటిమి.

కావున సహచరుని మొదటి ధర్మము, విన్నదానిని కడుపులో దాచుకొనుట. ప్రార్థనాంశమను పేరు పెట్టినంతమాత్రమున చాడీ పరిశుద్ధము కాదు. దీనికి ఒక్కటే మినహాయింపు కలదు. ఎదుటివాడు తన ప్రాణమునకు హాని తలపెట్టినను, ఎవరైనను ఒక బిడ్డను బాధించుచున్నను, చెరచుచున్నను, ఆ మాటను దాచుట పాపము. అట్టి సంగతిని తగిన పెద్దలకు తెలుపవలసి యున్నదని ఆ బిడ్డతోనే ముందు చెప్పి, వానిని ఒంటరిగా విడువక, వెంటనే తెలుపవలెను. బాలలపై లైంగిక నేరము జరిగినదని తెలిసినవారు దానిని పోలీసులకు తెలుపవలెనని 2012నాటి పోక్సో చట్టము విధించుచున్నది. ఆపదలోనున్న బాలలకు 1098 అను టెలిఫోను సంఖ్యయు కలదు. మరియు పెద్దవారు బాలబాలికలతో మాటలాడుట నలుగురి కంటబడు చోటనే జరుగవలెను. మూసిన తలుపుల వెనుక కాదు. రహస్యము మాటకు కావలెను గాని మనుష్యులకు కాదు.

కొందరు మమ్మడుగవచ్చును: క్రీస్తు చాలడా? మనుష్యుని తోడు ఎందుకు? క్రీస్తు చాలును. అయినను ఆయన తన శిష్యులను ఇద్దరిద్దరినిగా పంపెను. గెత్సేమనే తోటయందు తానే మువ్వురు స్నేహితులను దగ్గర నుండుమని కోరెను. మరికొందరు, ఇది గురుశిష్య సంప్రదాయమును సంఘములోనికి తెచ్చుట కాదా అని శంకింతురు. గురువు ముందు నడచును, శిష్యుడు వెంట నడచును. సహచరుడు ప్రక్కను నడచును. తన్ను ఆశ్రయించినవాడు ఏండ్లు గడచినను తన్ను విడిచి ఒక్క అడుగైనను వేయలేకున్న యెడల ఆ సహచరుడు తన పనిలో తప్పినట్లే. ఒకడు తన మాటను దేవుని మాటగా చెలామణి చేయుచున్నను, కానుకలు కోరుచున్నను, పెండ్లి విషయములలోను ఉద్యోగ విషయములలోను ఆజ్ఞలిచ్చుచున్నను, అట్టివానినుండి తొలగిపొండని విద్యార్థులకు స్పష్టముగా చెప్పుచున్నాము.

తల్లిదండ్రులారా, మన సీమ బిడ్డలు చదువు ముగియగానే నెల్లూరునకును, చెన్నైకిని, బెంగుళూరునకును, హైదరాబాదునకును, కొందరు సముద్రము దాటియు పోవుచున్నారు. చేతిలో ఫోనున్నది, అందులో వేయి గొంతులు పలుకుచున్నవి. వినువాడు మాత్రము అరుదు. ఇంటికి మాటలాడినపుడు మీరు మార్కులెన్ని, జీతమెంత అని మాత్రమే అడిగిన యెడల బిడ్డలు ఆ రెంటికే జవాబు చెప్పుదురు. మూడవ ప్రశ్న యడుగుడు. జవాబు వచ్చువరకు ఓపికపట్టుడు. వచ్చిన జవాబు మీకు నచ్చకున్నను తొందరపడి తీర్పు చెప్పకుడు.

ఈ పనికి పిలుపు ఎవరికి కలుగును? మాటకారులకని తలంపవద్దు. తాను ఒకసారి చీకటిలో నడచి వెలుపలికి వచ్చినవాడును, విన్నదానిని మ్రింగుకొనగలవాడును, తన ప్రార్థనను మానుకొననివాడును, ఎదుటివాడు తనకంటె ముందుకు పోయినప్పుడు సంతోషింపగలవాడును ఈ పిలుపునకు తగినవారు. సాధారణముగా ఇట్టివారు తమకు పిలుపు కలదని చెప్పుకొనరు. ఇతరులే వారియొద్దకు పోవుచుందురు. అదియే వారి పిలుపునకు గుర్తు.

మా మనవి యిది. ప్రతి సంఘమును తనలో నలుగురిని, ఇద్దరు పురుషులను, ఇద్దరు స్త్రీలను, ఇట్టివారిని గుర్తించి ప్రార్థనతో ఈ పనికి ప్రత్యేకింపవలెను. వారికి పదవి నీయవద్దు. సమయమును గౌరవమును ఇండు. చదువు రానివారిని విడిచిపెట్టవద్దు. ప్రతి సహచరునికిని మరియొక సహచరుడుండవలెను. తన మాట వినువాడు లేనివాడు ఇతరుల మాట చిరకాలము వినలేడు. కాపరికిని, ఉపాధ్యాయునికిని తోడు కావలెను. వసతిగృహములలో మార్కులు వేయు ఉపాధ్యాయుడు ఆ విద్యార్థికే సహచరుడుగా నుండకుండుట మేలు. శిక్షించు చేతియెదుట మనసు విప్పుట కష్టము.

విద్యార్థులారా, మీరు చిన్నవారమని తలంపకుడు. మీ పంక్తిలో భోజనము ముట్టక కూర్చున్నవాడొకడుండును. పరీక్షలో తప్పి, సెలవులకు ఇంటికి పోవుటకు భయపడుచున్నవాడొకడుండును. వానికి మీరు ఉపదేశము చేయనక్కరలేదు. ప్రక్కన కూర్చుండుడు. వాడు చెప్పినదానిని ఇతరులతో చెప్పకుడు. అది మీరు మోయలేని బరువైన యెడల వానిని మీరు నమ్మిన పెద్దవారియొద్దకు తోడుకొని పొండు. పంపివేయక మీరును వెంట పొండు. రాత్రి పండుకొనుటకు ముందు వాని పేరు ప్రభువునెదుట పలుకుడు.

మా మట్టుకు మేము ఈ యేటి నుండి సాయంత్రపు కూటమున పరుల దుఃఖమును వారి సెలవు లేక విన్నవింపకుండ నిశ్చయించుకొంటిమి. ఆ అవ్వ కూర్చుండిన గడపయొద్ద ఒక బల్ల వేయించితిమి. వంటశాలవారు అచ్చట బియ్యము ఏరుకొందురు, కూర్చుండగోరువారు కూర్చుందురు. ఎమ్మాయు త్రోవను నడచిన ప్రభువు ఉదయగిరి ఆత్మకూరుల త్రోవలలోను మనతో నడచి, మనలను ఒకరికొకరము తోడుగా చేయునుగాక.